పాత వింత వస్తువులతో బీరువా నింపడం ఎలా?

పాత వస్తువుల పిచ్చి ఉన్నవాళ్లు అడిగే ప్రశ్నలు పైకి వేరువేరుగా కనిపిస్తాయి గానీ లోపల ఉన్నది ఒక్కటే: "ఇది అసలుదేనా, కొనొచ్చా?" ఒక ఫొటో పంపి ఆ మాట అడిగితే జవాబు చెప్పడం కష్టం. ఫొటోలో తెలిసేది ఆకారం. అమ్మేవారు చెప్పేది కథ. ఆకారాన్నీ కథనీ ఎవరైనా తయారు చేయగలరు. తయారు చేయడం కష్టమయ్యేది రెండే: అది దేనితో చేశారన్నది, అది ఎక్కడ ఎలా అరిగిందన్నది. అందుకే ఈ వ్యాసంలో ముఖ్యమైన భాగం ఆ రెంటినీ చూడడం గురించే ఉంటుంది.

చరిత్ర ఎక్కువ చెప్పను. ఇలా వింత వస్తువులతో నింపిన బీరువాలు 16, 17 శతాబ్దాల యూరప్‌లో రాజులకీ వైద్యులకీ మందుల వ్యాపారులకీ ఉండేవి. డెన్మార్క్ వైద్యుడు ఓలే వోర్మ్ దగ్గర ఉన్నది వాటిలో పేరుపడ్డది. ఆ రోజుల్లో యూనికార్న్ (కథల్లోని ఒంటికొమ్ము గుర్రం) కొమ్ము అంటూ విషానికి విరుగుడుగా బంగారం ధరకి అమ్మేవారు. అది కొమ్మే కాదు, నార్వాల్ అనే తిమింగలం కోర అని 1638లో తేల్చి చెప్పింది ఈయనే. ఎలా? పుర్రెకి అంటుకుని ఉన్న కోరని స్వయంగా పట్టి చూసి. మనం చేయబోయేదీ అదే పని, చిన్న ఎత్తున.

కావలసినవి

- పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, నగల పనివాళ్లు కంటికి ఆనించి చూసే రకం. ముప్పై, అరవై రెట్లు అని రాసి ఉన్న చవకవాటి జోలికి వెళ్లకండి, అంచులన్నీ అలుక్కుపోయి కనిపిస్తాయి.
- యూవీ టార్చి. 365 నానోమీటర్లది దొరికితే మంచిది. 395ది కూడా పనికొస్తుంది గానీ దాని ఊదా వెలుగు అసలు మెరుపుని కప్పేస్తుంది. కంట్లోకి కొట్టుకోకండి.
- దారానికి కట్టిన చిన్న అయస్కాంతం.
- గ్రాముల్లో తూచే త్రాసు, ఒక స్కేలు.
- నైట్రైల్ చేతి తొడుగులు, మెత్తటి కుంచె.
- గాలి చొరబడని ప్లాస్టిక్ సంచులు, ఆమ్లం లేని టిష్యూ కాగితం.
- గాలిలో తేమ చూపే చిన్న హైగ్రోమీటర్.
- నోటుపుస్తకం, పెన్సిల్.

వీటిలో ఒక్కటే కొనగలిగితే భూతద్దం కొనండి. మిగతావి నెమ్మదిగా వస్తాయి.

1. ముందు హద్దు గీసుకోండి

"వింతగా ఉన్నదల్లా" అని మొదలుపెడితే ఏడాది తిరిగేసరికి బీరువా గోడౌన్ అవుతుంది. ఏదో ఒక గీత పెట్టుకోండి. అది కాలం కావచ్చు (1914కి ముందువి), పదార్థం కావచ్చు (ఇత్తడి, గాజు), పని కావచ్చు (కొలిచే సాధనాలు), ఆఖరికి సైజు కూడా కావచ్చు (అరచేతిలో పట్టేవి). సైజు హద్దు తమాషాగా అనిపిస్తుంది గానీ చోటు తక్కువున్నవాళ్లకి అంతకంటే మంచిది లేదు.

గీత దాటి ఒకటీ అరా కొంటారు, ఎవరైనా కొంటారు. దాటుతున్నామని తెలిసి దాటితే చాలు.

2. ఏవి కొనకూడదో ముందే రాసిపెట్టుకోండి

ఇది రెండో మెట్టుగా పెట్టడానికి కారణం ఉంది. వస్తువు చేతిలోకి వచ్చాక, బేరం కుదిరాక, చట్టం గుర్తుకురాదు.

- ఏనుగు దంతం, తాబేటి చిప్ప, కొన్ని రకాల పగడాలు, అంతరించిపోతున్న పక్షులూ జంతువుల భాగాలు: 1975 నుంచి అమల్లో ఉన్న సైటీస్ ఒప్పందం వీటిని దేశాలు దాటించడంపై కట్టుబాట్లు పెట్టింది. దేశం లోపల కొనడం, అమ్మడం, కొన్నిచోట్ల దగ్గర ఉంచుకోవడం మీద కూడా వేరే చట్టాలుంటాయి. "వందేళ్ల నాటిదండీ, ఏం కాదు" అన్న మాట కాగితం మీద లేకపోతే దానికి విలువ లేదు.
- తవ్వకాల్లో దొరికినవి, గుడులూ సమాధుల నుంచి వచ్చినట్టు అనిపించేవి: సాంస్కృతిక సంపద దొంగరవాణాపై యునెస్కో ఒప్పందం 1970లో వచ్చింది. ఆ ఏడుకి ముందే వస్తువు పుట్టినచోటు దాటి బయటికొచ్చిందని చూపే ఆధారం ఉందా అన్నది ఇప్పుడు మ్యూజియాలు సాధారణంగా అడిగే ప్రశ్న. మీరూ అదే అడగండి. మట్టి ఇంకా అంటుకుని ఉన్న "ప్రాచీన" వస్తువుని చూస్తే వెనక్కి తిరిగి వచ్చేయండి.
- మనిషి ఎముకలు, పుర్రెలు, చిన్నగా కుదించి ఎండబెట్టిన మనిషి తలలు: కొన్నిచోట్ల చట్టం ఒప్పుకున్నా నేను వద్దనే అంటాను. ఆ మనిషి ఒప్పుకుని ఇచ్చింది కాదది. పైగా కుదించిన తలలుగా చలామణీ అయ్యేవాటిలో మేక తోలుతోనూ కోతి తోలుతోనూ చేసినవి కొల్లలు.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. దంతం బదులు ట్యాగువా అనే తాటిజాతి గింజతో చెక్కిన పాత గుండీలు, పెట్టెలు దొరుకుతాయి. పుర్రె కావాలంటే వైద్య పాఠశాలల కోసం ప్లాస్టర్‌తోనూ గుజ్జుకాగితంతోనూ చేసిన పాత నమూనాలున్నాయి. నా దృష్టిలో అసలు పుర్రె కంటే అవే ఎక్కువ ముచ్చటైనవి.

3. వస్తువుని పట్టుకోకముందు అడగండి

ఎక్కడ దొరికింది? ఎవరి దగ్గర్నుంచి? ఏదైనా చీటీ, రసీదు, పాత ఫొటో, పెట్టె ఉందా? ఎక్కడైనా అతికించారా? ఈ నాలుగూ అడిగి జవాబులు అక్కడే రాసుకోండి. "తెలీదు" అనేవారిని అనుమానించక్కర్లేదు, తరచుగా వాళ్లే నిజం చెప్తారు. జాగ్రత్తపడాల్సింది అడగకుండానే ఓడ కెప్టెన్లూ మహారాజులూ వచ్చే కథల దగ్గర.

వస్తువుతో వచ్చే చిరిగిన చీటీని, పాత పెట్టెని ఎప్పుడూ పారేయకండి. అది అందంగా ఉండదు. చాలాసార్లు దాని విలువ వస్తువు కంటే ఎక్కువ.

4. అరుగుదల చదవండి

ఒక ఇత్తడి దిక్సూచి తీసుకుందాం. మూతతో, గుండ్రంగా, గుప్పిట్లో పట్టేంతది. పాతదిగా కనిపించేలా కొత్తగా చేసినవి అన్నిటికంటే ఎక్కువ ఇందులోనే ఉంటాయి, కాబట్టి నేర్చుకోవడానికి ఇదే మంచి పాఠం.

ముందు మూత అంచు చూడండి. బొటనవేలు ఆనించి తెరిచే చోటు ఒకటుంటుంది. నిజంగా వాడిన దిక్సూచికి అక్కడ అంచు మెత్తబడి, చుట్టుపక్కల కంటే నున్నగా, కాస్త లేతరంగులో ఉంటుంది. కొత్తగా నల్లబరిచినదానికి అంచంతా ఒకే రంగు. తర్వాత మడతబందు. దాని పుల్ల చివరలు అరిగాయా? మూత కాస్త వదులుగా కదులుతోందా? ఎన్నో వేలసార్లు తెరిచిన మూత బిగుతుగా ఉండదు. ఇప్పుడు చెక్కడపు అక్షరాల్లోకి భూతద్దం పెట్టండి. పాతదాంట్లో అక్షరాల లోతులో గట్టిపడిన నల్లటి మురికి ఉంటుంది, పైగట్లు అరిగి గుండ్రబడతాయి. కొత్తదాంట్లో అక్షరం అంచు వేలికి గుచ్చుకునేంత పదునుగా ఉండి, లోపల నల్లరంగు పూత సమంగా ఉంటుంది. చివరగా అడుగుభాగం. బల్ల మీద ఏళ్ల తరబడి జరిగిన వస్తువుకి రకరకాల దిక్కుల్లో, రకరకాల లోతుల్లో గీతలుంటాయి. గరుకు కాగితంతో రుద్దినదానికి అన్నీ ఒకేవైపు పోతాయి.

పేరుమోసిన లండన్ తయారీదారు పేరు, పక్కనే పెద్ద అక్షరాల్లో ఒక పాత సంవత్సరం చెక్కి ఉంటే ఇంకా జాగ్రత్త. పాత పనివాళ్లు పేరు వేసుకునేవారు గానీ ఏడు వేసేవాళ్లు తక్కువ.

కలప విషయంలో పురుగు రంధ్రాలు చూడండి. నిజమైన పురుగు బయటికొచ్చిన రంధ్రం గుండ్రంగా, చాలా రకాలకి ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పుతో ఉంటుంది, లోపలికి వెళ్లాక వంకర తిరుగుతుంది. సన్నటి తీగ పెట్టి చూస్తే తెలుస్తుంది: నిటారుగా దిగిపోతే అది డ్రిల్లు పని. రంధ్రం బదులు పొడవాటి కాలువ పైకి కనిపిస్తుంటే, పాత పుచ్చు కలపని తర్వాత కోసి కొత్త వస్తువు చేశారని అర్థం. పురుగు ఎప్పుడూ ఉపరితలం మీద కాలువ తవ్వదు.

5. పదార్థం తేల్చండి

అన్ని పరీక్షలకీ ఒక నియమం: వస్తువుని పాడుచేసే పరీక్ష చేయొద్దు. వేడి సూది గుచ్చి వాసన చూడమని చాలామంది చెప్తారు. ఆ మచ్చ పోదు, సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ అయితే భగ్గున అంటుకుంటుంది కూడా.

దంతమా, ఎముకా, ప్లాస్టిక్కా. భూతద్దంతో చూస్తే ఎముక మీద సన్నటి నల్లచుక్కలు, పొట్టి గీతలు కనిపిస్తాయి, అవి రక్తనాళాలు పోయిన దారులు. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోసిన చోట, అంటే పిడి చివరో బొమ్మ అడుగో చూస్తే, ఒకదాన్నొకటి దాటే వంపుగీతలు కనిపిస్తాయి. వాటిని ష్రెగర్ గీతలంటారు. బయటి అంచు దగ్గర అవి కలిసే కోణం 115 డిగ్రీలకి పైగా ఉంటే ఏనుగు, 90కి లోపుంటే మామత్ (అంతరించిపోయిన ఏనుగు జాతి). మధ్యలో వస్తే తేల్చడం నిపుణుల పని. దంతంలా చేసిన సెల్యులాయిడ్‌లో గీతలు వరుసగా, సమాన దూరంలో, రూళ్లకాగితం మీద గీతల్లా ఉంటాయి. చేత్తో గట్టిగా రుద్ది వాసన చూడండి, కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడే. గీతలూ చుక్కలూ ఏవీ లేకుండా, అక్కడక్కడా చిన్న గాలిబుడగలతో ఉంటే అచ్చుపోసిన రెసిన్. తిమింగలం పంటి మీద ఓడ బొమ్మలు చెక్కినట్టుండే వాటిలో ఇది మామూలే.

తాబేటి చిప్ప. అసలుదానిలో గోధుమరంగు మచ్చల్ని భూతద్దంతో చూస్తే సన్నటి చుక్కల గుంపుగా విడిపోతాయి. ప్లాస్టిక్‌లో రంగు కలిపిన పిండిలా సుడులు తిరుగుతుంది. గుర్తుపట్టడం ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ అసలుదైతేనే మీకు చిక్కు.

అంబర్, అంటే యుగాల తరబడి గట్టిపడిన చెట్టు జిగురు. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 30 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించి అందులో వేయండి. అంబర్ తేలుతుంది, గాజు, బేకలైట్ అనే పాత ప్లాస్టిక్ మునుగుతాయి. లోహపు కొక్కెం ఉంటే పరీక్ష చెల్లదు, దారానికి గుచ్చిన పూసల్ని తడపకండి. తేలినంత మాత్రాన పండగ చేసుకోకండి: కోపల్ అనే లేత జిగురు కూడా తేలుతుంది, కొన్ని ప్లాస్టిక్‌లూ తేలతాయి. యూవీ కింద అంబర్ సాధారణంగా నీలి తెలుపుగా మెరుస్తుంది. రెండు పరీక్షల్లోనూ నెగ్గితే నమ్మకం పెరుగుతుంది, అంతే. లోపల పెద్ద తేలో బల్లో చక్కగా నడిమధ్యన కూర్చుని ఉంటే మాత్రం పరీక్ష కూడా అక్కర్లేదు.

గాజు. యూవీ కింద గాఢమైన ఆకుపచ్చగా వెలిగితే యురేనియం గాజు. మసకగా వెలిగితే మాంగనీసు కలిపిన గాజు కావచ్చు. యురేనియం గాజుని చూడడానికి పెట్టుకుంటే భయం లేదు, అందులో తినకండి తాగకండి.

కాగితం, పాత ఫొటోలు. యూవీ కింద కాగితం కళ్లు చెదిరే నీలి తెలుపులో మెరిస్తే అందులో తెలుపు పెంచే రసాయనాలున్నాయి. అవి కాగితంలోకి వచ్చింది 1950 ప్రాంతంలో. కాబట్టి మెరిసే "1880 నాటి పటం" 1880ది కాదు. భూతద్దంలో బొమ్మ చిన్న చుక్కలుగా విడిపోతే అది అచ్చు, ఫొటో కాదు. పలుచని ఇనుప రేకు మీద తీసిన టిన్‌టైప్ ఫొటో అయస్కాంతానికి లాగుతుంది. 1839లో లోకానికి తెలిసిన డాగెరోటైప్ అనే తొలినాటి ఫొటో అద్దంలా ఉంటుంది, వంచిచూస్తే బొమ్మ ఒకసారి మామూలుగా, ఒకసారి తిరగబడి కనిపిస్తుంది. దాని గాజు తీసి గుడ్డతో తుడిచారా, బొమ్మ గుడ్డకి వచ్చేస్తుంది. గాజు తీయకండి.

శిలాజాలు, ఉల్కలు. ట్రైలోబైట్ అనే అంతరించిన సముద్రజీవి శిలాజాల్లో నకిలీలు విపరీతం. రాయికీ జీవికీ మధ్య రంగులో, గరుకులో తేడా ఉండాలి. గాలిబుడగల గుంటలు కనిపించకూడదు. పక్కపక్కన పెట్టిన రెండు అచ్చంగా ఒకేలా విరిగి ఉంటే రెండూ ఒకే అచ్చులోవి. ఉల్క అని చెప్పేదాన్ని పింగాణీ పలక వెనక, మెరుపుపూత లేనివైపు గీయండి. నల్లటి గీత పడితే మ్యాగ్నెటైట్, ఎర్రగోధుమ గీతైతే హెమటైట్, రెండూ భూమ్మీది ఇనుప ఖనిజాలే. ఉల్కలు సాధారణంగా గీత వదలవు. లోపల బుడగల గుంటలుంటే అది చాలావరకు కొలిమి చిట్టెం. బలమైన అయస్కాంతం మాత్రం ఉల్కకి తగిలించకండి. అందులో నిలిచిన పురాతన అయస్కాంత జాడ తుడిచిపెట్టుకుపోతుంది, పరిశోధకులకి ఆ రాయి సగం పనికిరాకుండా పోతుంది. దారానికి వేలాడే చిన్నది చాలు.

అయస్కాంతం గురించి ఇంకొక్క మాట. "గట్టి ఇత్తడి" అన్నది అయస్కాంతానికి అంటుకుంటే లోపల ఇనుముంది. అంటుకోకపోతే ఇత్తడని రుజువైనట్టు కాదు, ఇనుము కాదని తెలిసినట్టు, అంతే.

నకిలీ అని తేలినదంతా చెత్త కాదు. 1842లో అమెరికా ప్రదర్శనకారుడు బార్నమ్ న్యూయార్క్‌లో టికెట్ పెట్టి చూపించిన "మత్స్యకన్య" మోసమే, కానీ ఆ తరహా పాత తయారీలు ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. లండన్ హార్నిమన్ మ్యూజియంలోని అలాంటి బొమ్మని స్కాన్ చేస్తే, అందరూ అనుకున్నట్టు కోతి శరీరం లేదు: చేప, కలప, తీగ, మట్టి, కాగితం. పాత నకిలీని పాత నకిలీగా, ఆ చీటీతోనే బీరువాలో పెట్టండి. అది నిజాయితీ ఉన్న వింతే.

6. కాలం అంచనా వేయండి

మరలు విప్పకుండానే చాలా చెప్తాయి. నాలుగు మూలల నక్షత్రం గంటు ఉన్న మర 1930లకి ముందుది కాదు. గంటు నడిమధ్యన కాక పక్కకి జరిగి, చేత్తో ఆకురాయి పెట్టినట్టుంటే పాతది. మొన మొద్దుగా ఉండే కలప మరలు 19వ శతాబ్దం నడిమికి ముందు మామూలు, ఆ తర్వాతే యంత్రం చేసిన మొనదేలిన మరలు వచ్చాయి. అయితే ఒక మర మారినంత మాత్రాన వస్తువంతా కొత్తది కాదు. అన్నీ చూడండి.

ఇంగ్లిషులో దేశం పేరు అచ్చు ఉంటే 1891 తర్వాతిదని మొదటి అంచనా: అమెరికాలోకి వచ్చే సరుకు మీద దేశం పేరు ఉండాలని 1890 నాటి సుంకాల చట్టం చెప్పింది. "మేడ్ ఇన్" అని ఉంటే 20వ శతాబ్దానికి జరపండి. గుర్తు లేకపోవడం పాతదనానికి రుజువు కాదు, అతికించిన చీటీ ఊడిపోయి ఉండొచ్చు. బ్రిటిష్ వస్తువుల మీద వజ్రం ఆకారపు ముద్ర ఉంటే ఆ డిజైన్ 1842, 1883 మధ్య నమోదైంది. నమోదైన ఏడు అది, వస్తువు చేసిన ఏడు కాదు. ఇక్కడే చాలామంది జారతారు.

7. ఇంటికి రాగానే విడిగా పెట్టండి

కొత్తగా వచ్చినదేదీ నేరుగా బీరువాలోకి వెళ్లకూడదు. కలప, ఈకలు, బొచ్చు, తోలు, గుడ్డ, పుస్తకం ఏదైనా సరే, సంచిలో మూసి, కింద తెల్లకాగితం వేసి కొన్ని వారాలు ఉంచండి. కాగితం మీద పొడి రాలితే లోపల పురుగు బతికే ఉంది.

అప్పుడు గాలి తీసిన సంచిలో మూసి మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక సంచిని ఒక రోజు తెరవకండి, తెరిస్తే వస్తువు మీద నీరు పడుతుంది. దంతం, గాజు, మైనం, రంగులేసిన పటాలు, లక్కపూత ఉన్నవి గడ్డకట్టించకండి.

ఈ దశలోనే విషాల సంగతీ చూసుకోవాలి:

- కూరిన పక్షులు, జంతువులు. 18వ శతాబ్దం నుంచి 1980ల దాకా వీటికి ఆర్సెనిక్ పూసేవారు. పరీక్ష చేయించేదాకా ఉందనే అనుకోండి. తొడుగులు వేసుకోండి, దులపకండి, గాజు లోపల ఉంచండి.
- 19వ శతాబ్దపు ఆకుపచ్చగా మెరిసే గుడ్డ అట్టల పుస్తకాలు. ఆ ఆకుపచ్చ రంగు ఆర్సెనిక్‌ది కావచ్చు. విడిగా సంచిలో పెట్టండి.
- చీకట్లో వెలిగే ముళ్లున్న పాత గడియారాలు, మీటర్లు. వెలగడం మానేసినా వాటి పూతలోని రేడియం అనే రేడియోధార్మిక పదార్థం అలాగే ఉంటుంది, అది సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. గాజు తెరవకండి, గీకకండి, పడకగదిలోని మూసిన బీరువాలో నాలుగైదు కలిపి పెట్టకండి.
- పాదరసపు బారోమీటర్లు, థర్మామీటర్లు. పడుకోబెట్టి మోయకండి. పగిలితే చీపురు గానీ వాక్యూమ్ గానీ పెట్టకండి, రెండూ ఆ ఆవిరిని ఇల్లంతా పంచుతాయి. కిటికీలు తెరిచి, మనుషుల్ని బయటికి పంపి, స్థానిక ప్రమాదకర వ్యర్థాల విభాగానికి చెప్పండి.
- సెల్యులాయిడ్ వస్తువులు జిగటగా మారి, పగుళ్లు పట్టి, పక్కనున్న లోహం తుప్పు పడుతుంటే వెంటనే వేరు చేయండి. పాత నైట్రేట్ సినిమా రీళ్లు ఇంట్లో అసలు వద్దు.

8. శుభ్రం చేయడం: తక్కువే ఎక్కువ

కుంచెతో దుమ్ము తీయండి. ఆగండి. చాలావాటికి అంతే చాలు.

చింతపండు, నిమ్మరసం, పాలిష్ పెట్టి ఇత్తడిని తళతళలాడిస్తే, నాలుగో మెట్టులో మనం చదివిన సాక్ష్యమంతా చెరిగిపోతుంది. దాంతోపాటు ధర కూడా. రాగి, కంచు మీద గట్టిగా అంటుకుని ఉన్న ఆకుపచ్చ చిలుము ప్రమాదం కాదు. లేత ఆకుపచ్చగా, పొడిపొడిగా, గుంటల్లోంచి రాలేది మాత్రం రోగం. అనుమానముంటే తడి దూది పక్కన పెట్టి ఒక మూసిన డబ్బాలో ఒక రోజు ఉంచండి. కొత్తగా లేత ఆకుపచ్చ చుక్కలు పుడితే అది చురుగ్గా ఉంది. ఆరబెట్టి, సిలికా జెల్‌తో పొడిగా, మిగతావాటికి దూరంగా ఉంచి, లోహ సంరక్షణ తెలిసినవారికి చూపించండి.

9. బీరువా

అందరూ టేకో ఓకో పాత చెక్క బీరువా కావాలంటారు. చూపుకి బాగుంటుంది, నిజమే. కానీ ఓక్ కలప, ప్లైవుడ్, ఎమ్‌డీఎఫ్, అట్టపెట్టెలు, కొన్ని జిగుర్లు ఆమ్లపు ఆవిర్లు వదులుతాయి. మూసిన అరలో అవి పేరుకుని గవ్వల మీద, గుడ్ల పెంకుల మీద, సీసం మీద తెల్లటి పొడి పుట్టిస్తాయి. గవ్వల మీద వచ్చేదాన్ని బైన్ జబ్బు అంటారు. 1899లో దాన్ని వర్ణించిన బైన్ అది ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుతుందనుకున్నాడు. నిజానికి జబ్బే కాదు, కలప చేసిన పని.

కాబట్టి గవ్వలు, సీసం, శిలాజాలు ఉంటే పొడిపూత వేసిన ఉక్కు, గాజు మంచిది. చెక్కే కావాలంటే అరల మీద పాలిఎస్టర్ పొర వేసి, వెనక సన్నటి గాలిదారి ఉంచండి. వస్తువుల కింద వేసే ఫోమ్ పాలిఎథిలీన్‌ది కావాలి. మామూలు పరుపు ఫోమ్ ఏళ్లలో జిగటపొడి అవుతుంది. వెండి దగ్గర ఉన్ని, రబ్బరు పెట్టకండి, నల్లబడుతుంది.

బీరువాని గోడకి బిగించండి. బరువైనవి కింది అరల్లో. ఎండ తగలకూడదు, ఈకలు, రంగు గుడ్డలు, నీటిరంగుల మీద 50 లక్స్‌కి మించి వెలుగు వద్దు, అంటే మామూలు గది వెలుగు కంటే బాగా తక్కువ. తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంటే కలిసిన సేకరణకి సరిపోతుంది. పైరైట్ (గంధకమున్న ఇనుప ఖనిజం) ఉన్న శిలాజాలకి 60 దాటితే గండం: పసుపు తెలుపు పొడి, గంధకపు వాసన వస్తాయి.

హైగ్రోమీటర్ సరైనదో కాదో ఇలా చూడండి: సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు చల్లి, మీటర్‌తో కలిపి గాలి పోని సంచిలో ఓ పూట ఉంచండి. 75 శాతం చూపాలి. 70 చూపిస్తే మీ మీటర్ ఐదు తక్కువ చెప్తోంది, ఆ ఐదు ఎప్పుడూ కలుపుకోండి.

10. నంబరు వేయండి, రాయండి

లండన్ వైద్యుడు హాన్స్ స్లోన్ సేకరణతోనే 1753లో బ్రిటిష్ మ్యూజియం పుట్టింది. ఆయన వస్తువులకి నంబర్లు వేసి జాబితాలు రాసిపెట్టాడు. అవి నిలిచాయి కాబట్టే ఏది ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ వెతకగలుగుతున్నారు. మన బీరువాకి అంత పని లేదు. సంవత్సరం, చుక్క, వరుస నంబరు చాలు: 2025.7.

నంబరుని వస్తువు మీద నేరుగా రాయకండి. దారంతో చీటీ కట్టడం తేలిక. లోహం, రాయి, గాజు, గవ్వలకైతే పారలాయిడ్ బి-72 అనే పారదర్శక రెసిన్ పూత సన్నగా వేసి, ఆరాక దాని మీద ఇంకుతో రాసి, పైన ఇంకో పూత. కావాలంటే ఎసిటోన్‌తో తీసేయొచ్చు. అందుకే ప్లాస్టిక్, అంబర్, లక్క మీద ఇది వేయకూడదు, ఎసిటోన్ వాటినే తినేస్తుంది. సెల్లో టేపు దేనికీ వద్దు.

నోటులో రాయాల్సినవి: నంబరు, ఏమిటది, దేనితో చేశారు, కొలతలు, బరువు, పగుళ్లూ అతుకులూ, ఎప్పుడు ఎవరి దగ్గర కొన్నారు, వాళ్లు చెప్పిన కథ. కథని కథగానే, "అమ్మినవారి మాట" అని రాయండి. మీరు తేల్చింది వేరే వరుసలో, ఏ పరీక్షతో తేలిందో సహా. ఈ రెండూ కలిపేస్తే పదేళ్ల తర్వాత మీకే తేడా తెలియదు. స్కేలు పక్కన పెట్టి ముందు, వెనక, అడుగు ఫొటోలు తీయండి. దొంగతనం జరిగితే పోలీసులకి పనికొచ్చేది అందమైన ఫొటో కాదు, ఆ ఒక్క పగులు కనిపించే ఫొటో.

సరిగా చేశారో లేదో తేల్చుకోవడం

బీరువాలోంచి కళ్లు మూసుకుని ఒకటి తీయండి. దాని నంబరు చూసి నోటులో వరుస వెతకండి. నోటు చదివిన ఇంకెవరైనా, మీరు పక్కన లేకుండా, బీరువాలో ఆ వస్తువుని గుర్తుపట్టగలరా? పట్టలేకపోతే కొలతలో గుర్తులో తగ్గాయి, ఇంకాస్త రాయండి.

ఏడాదికి రెండుసార్లు, వర్షాకాలం ముందూ తర్వాతా, అన్ని అరలూ ఖాళీ చేసి చూడండి. కింద కలప పొడి ఉందా, గవ్వల మీద తెల్లపొడి ఉందా, తలుపు తీయగానే వెనిగర్ వాసనో కర్పూరపు వాసనో వచ్చిందా. వెనిగర్ వాసనొస్తే కలపదో జిగురుదో ఆవిరి: గవ్వల్ని మామూలు నీళ్లలో కడిగి పూర్తిగా ఆరబెట్టి, అర మార్చండి. కర్పూరమైతే సెల్యులాయిడ్ కుళ్లడం మొదలైంది, ఆ వస్తువుని ఆ రోజే బయటికి తీసి, గాలి ఆడే చోట, చల్లగా, ఒంటరిగా పెట్టండి.